చదువుకుంటూ ఇంటి లోన్: అమ్మ పెన్షన్ పడే బ్యాంకు మాకెంత పనికొచ్చింది

ఉద్యోగం లేకుండా, పీహెచ్‌డీ చేస్తూనే, అమ్మతో కలిసి ఇంటి లోన్ తీసుకున్నాను. ఇచ్చింది హనుమకొండలో అమ్మ పెన్షన్ పడే ప్రభుత్వ రంగ బ్యాంకు. లోన్ వరకే చూస్తే అయిదుకు నాలుగున్నర మార్కులు ఇస్తాను. సర్వీసుకు మూడు దాటవు. బ్రాంచి పేరు రాయడం లేదు. మా ఫైలు చూసిన ఫీల్డ్ ఆఫీసర్ మేడమ్‌కు ఇప్పటికే బదిలీ అయింది. ఆ సీట్లోకి వచ్చినవాళ్లు కూడా అలాగే చూస్తారని నేను హామీ ఇవ్వలేను. అందుకే మా లోన్‌ను ఎలా లెక్కగట్టారు, ఫైలు ఎక్కడ ఆగింది, డబ్బు ఎక్కడ మిగిలింది అన్నదే రాస్తున్నాను. స్కాలర్లలో చాలామంది "మనకెవరిస్తారు లోన్" అనుకుని బ్యాంకు గడప తొక్కరు. తొక్కినవాళ్లు మొదటి కౌంటర్ నుంచే వెనక్కి వచ్చేస్తారు. ఈ రివ్యూ వాళ్ల కోసం.

మా సంగతి ముందు చెప్పాలి, లేకపోతే లెక్కలు అర్థం కావు. నాకు 28 ఏళ్లు. కాకతీయ యూనివర్సిటీలో వృక్షశాస్త్రంలో పీహెచ్‌డీ మూడో ఏడు. మొదటి రెండేళ్లు జేఆర్‌ఎఫ్ అనే పరిశోధక ఫెలోషిప్ కింద నెలకు 37,000 వచ్చేది, ఇప్పుడు దాని తర్వాతి దశ ఎస్‌ఆర్‌ఎఫ్ కింద 42,000 వస్తోంది. నాన్న ప్రభుత్వ టీచరు. 2016లో సర్వీసులో ఉండగానే పోయారు. అప్పటికి నేను డిగ్రీలో ఉన్నాను, అమ్మ ఆరోగ్యం అంతంతమాత్రం, కారుణ్య నియామకం వద్దనుకున్నాం. అమ్మకు ఇప్పుడు 54 ఏళ్లు, ఫ్యామిలీ పెన్షన్ చేతికి 26 వేలు. నాన్న తాలూకు డబ్బులో మిగిలింది ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో 12 లక్షలు.

నయీంనగర్ నాలాకు దగ్గర్లో ఒక కింది పోర్షన్‌లో కిరాయికి ఉండేవాళ్లం. 2020 ఆగస్టు వరదలో నీళ్లు మంచం ఎత్తు దాకా వచ్చాయి. 2023 జులైలో మళ్లీ వచ్చాయి. అప్పటి నుంచి అమ్మది ఒకటే మాట: "కిరాయి పైసలకు ఇంకిన్ని కలిపి కడితే మనదే అయితది కద బిడ్డా. కింద మాత్రం వద్దు, పై అంతస్తుల చూడు." గోపాల్‌పూర్‌లో రెండో అంతస్తులో, పదేళ్ల పాత డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ 28 లక్షలకు కుదిరింది. బయానా ఇచ్చాక లోన్ వేట మొదలైంది.

ఇద్దరికీ కలిపి నెలకు 68 వేలు వస్తున్నాయి. అదే జీతమైతే ఏ బ్యాంకయినా కుర్చీ వేసి కూర్చోబెడుతుంది. కానీ మా ఇద్దరి డబ్బుకీ కాగితం లేదు. ఫెలోషిప్ చదువు కోసం ఇచ్చేది కాబట్టి ఆదాయపు పన్ను చట్టం కింద దానికి పన్ను లేదు. పన్ను లేదు కాబట్టి జీతం మీద పన్ను కోతను చూపే ఫామ్-16 రాదు, పేస్లిప్ ఉండదు. స్టేట్‌మెంట్ తీస్తే కొన్ని నెలలు ఖాళీ, తర్వాత రెండు మూడు నెలల డబ్బు ఒకేసారి. అమ్మ వైపు చూస్తే, ఫ్యామిలీ పెన్షన్ చట్టం లెక్కలో జీతం కిందికి రాదు, ఇతర ఆదాయం కిందికి వస్తుంది. దానికీ ఫామ్-16 ఇవ్వరు. ఏడాదికి 3 లక్షల 12 వేలు, అందులో ఫ్యామిలీ పెన్షన్‌కు ఇచ్చే 25 వేల మినహాయింపు తీసేస్తే 3 లక్షల లోపే. పెన్షన్ వరకే లెక్క చూసుకుని అమ్మ ఎప్పుడూ రిటర్న్ వేయలేదు. లోన్ ఫారం మొదటి పేజీలోనే రెండేళ్ల ఐటీ రిటర్న్‌లు జతచేయమని ఉంటుంది. నాలాంటి వాళ్లు అక్కడే ఆగిపోతారు.

మొదట మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చింది బ్యాంకు కాదు, ఒక హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ ఏజెంట్. ఫ్లాట్ చూపించిన బ్రోకరే నంబరు ఇచ్చాడు. మనిషి మర్యాదగానే మాట్లాడాడు, ఇంటికే వచ్చాడు, అమ్మతో కూర్చుని చాయ్ తాగాడు. "మేడమ్, ఇన్‌కమ్ ప్రూఫ్ లేకపోయినా ఫరవాలేదు, 20 లక్షలు ఈజీగా చేయిస్తా" అన్నాడు. వడ్డీ 12.5 శాతం, 20 ఏళ్లు, నెలకు 22,700 చిల్లర ఈఎంఐ. ప్రాసెసింగ్ ఫీజు రెండు శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ. 20 లక్షల మీద అదే 47,200 అవుతుంది. ఇన్సూరెన్స్ ప్రీమియం లోన్‌లోనే కలిపేస్తామన్నాడు. కాలిక్యులేటర్‌లో కొట్టి చూస్తే 20 ఏళ్లకు మొత్తం కట్టేది 54 లక్షల పైచిలుకు తేలింది.

వడ్డీ ఒక్కటే అయితే ఇంకా ఆలోచించేవాళ్లమేమో. వెళ్లేముందు అతను చెప్పిన మాటతో నేను తలుపు మూసేశాను. ఫలానా కోచింగ్ సెంటర్‌లో నేను ఫ్యాకల్టీగా పనిచేస్తున్నట్టు, నెలకు 30 వేలు చేతికిస్తున్నట్టు ఒక లెటర్ తెప్పిస్తాడట, నేను సంతకం పెడితే చాలట. స్కాలర్లు ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించాలి. ఫెలోషిప్ తీసుకునేటప్పుడే, ఈ కాలంలో వేరే ఎక్కడా జీతానికి పనిచేయనని రాసిస్తాం. ఆ దొంగ లెటర్ మీద నా సంతకం ఉంటే లోన్ ఇచ్చినవాడికి అబద్ధం చెప్పినట్టు, యూనివర్సిటీకి మాట తప్పినట్టు. రేపు ఎవరైనా ఆ కాగితం బయటికి తీస్తే ఫెలోషిప్ పోతుంది, తీసుకున్నది వెనక్కి కట్టమనొచ్చు. ఏజెంటుకు కమీషన్ వస్తుంది, ప్రమాదమంతా నా నెత్తిన. అలాంటి లెటర్ ఎవరు చూపించినా దండం పెట్టి పంపించేయండి.

తర్వాత బ్యాంకు. కౌంటర్‌లో ఉన్నాయన నా ఐడీ కార్డు చూసి "స్టూడెంట్‌కు ఎడ్యుకేషన్ లోన్ ఉంటదమ్మా, హోమ్ లోన్ ఉండదు" అని పంపేశాడు. చాలామంది కథ ఇక్కడే ముగుస్తుంది. అమ్మ మాత్రం కదల్లేదు. "సార్, నా పెన్షన్ ఇక్కడ్నే పడతది, పెద్ద సార్‌తోని ఒక్క మాట మాట్లాడిపించుండ్రి" అంది. మేనేజరు మమ్మల్ని ఫీల్డ్ ఆఫీసర్ మేడమ్ దగ్గరికి పంపారు. ఈ రివ్యూలో నేను ఇచ్చిన మార్కుల్లో సగం ఆమెవే.

ఆమె నా ఫెలోషిప్ కాగితాలు పక్కన పెట్టి ముందు అమ్మ పాస్‌బుక్ తీసుకున్నారు. అడిగిన మొదటి ప్రశ్న: "అమ్మా, ఇది తగ్గిన పెన్షనా, తగ్గబోయే పెన్షనా?" సర్వీసులో ఉండగా చనిపోతే ఫ్యామిలీ పెన్షన్ మొదట్లో కొన్నేళ్లు ఎక్కువ రేటులో వస్తుంది, తర్వాత మామూలు రేటుకు దిగుతుంది. మాకు 2023లోనే తగ్గింది. పెన్షన్ మంజూరు పత్రం (పీపీఓ) కాపీలో ఆ తేదీ చూసి, పెన్సిల్‌తో చుట్టూ గీత గీశారు. ఇంకా తగ్గని పెన్షన్ చూపించి లోన్ తీసుకుంటే, తగ్గిన నెల నుంచి ఈఎంఐ బరువైపోతుందని, చాలా ఇళ్లలో ఇది ఎవరికీ తట్టదని చెప్పారు. పెన్షన్ మీద ఆధారపడ్డ ఏ ఇల్లయినా లోన్‌కు ముందు చూసుకోవాల్సిన తేదీ అది.

తర్వాత నావైపు తిరిగి సూటిగా చెప్పారు. "చూడమ్మా, నీ 42 వేలు నేను నమ్ముతాను. కానీ ఇంకో రెండేళ్లకు ఆగిపోతాయని నీ అవార్డ్ లెటర్‌లోనే ఉంది. పదిహేనేళ్ల లోన్‌కు వాటిని లెక్కలో వేస్తే పైవాళ్లు ఫైలు వాపస్ పంపిస్తారు. అమ్మ పెన్షన్ మీద ఎంత వస్తే అంత తీసుకో. నీ ఫెలోషిప్‌తో అసలు తగ్గించుకో." నాకు ఆ క్షణంలో నిరాశగానే అనిపించింది. ఇంటికొచ్చి లెక్క వేశాక ఆమె ఎంత మంచి సలహా ఇచ్చారో తెలిసింది.

లెక్క ఇదీ. ఇంటి లోన్‌కు రెండు హద్దులుంటాయి. ఒకటి ఇంటి విలువను బట్టి: 30 లక్షల లోపు లోన్ అయితే ఇంటి విలువలో 90 శాతం దాకా ఇవ్వొచ్చని ఆర్‌బీఐ రూలు. బ్యాంకు వాల్యుయర్ మా ఫ్లాట్‌కు 25.5 లక్షలు వేశాడు, ఆ లెక్కన దాదాపు 23 లక్షల దాకా రావాలి. రెండోది ఆదాయాన్ని బట్టి. మాలాంటి వాళ్లను ఆపేది ఎప్పుడూ ఈ రెండోదే. అమ్మ పెన్షన్ 26 వేలలో సగం, అంటే 13 వేలు ఈఎంఐకి పోనిస్తారు. అమ్మకు 70 ఏళ్లు వచ్చేలోపు లోన్ తీరాలి కాబట్టి 15 ఏళ్ల గడువు. 8 శాతం వడ్డీకి 15 ఏళ్ల మీద లక్షకు నెలకు 956 రూపాయలు పడుతుంది. అలా 13.5 లక్షలు మంజూరయ్యాయి, ఈఎంఐ 12,901. మేమిద్దరం సహ రుణగ్రహీతలం, ఫ్లాటూ ఇద్దరి పేరు మీదే.

ఇదే 13.5 లక్షలను ఏజెంటు చెప్పిన 12.5 శాతానికి తీసుకుంటే నెలకు 16,600 దాటేది. పదిహేనేళ్లలో తేడా ఆరున్నర లక్షల పైనే. 2025లో ఆర్‌బీఐ, బ్యాంకులకు తాను అప్పిచ్చే రెపో రేటును ఫిబ్రవరిలో, ఏప్రిల్‌లో పావు శాతం చొప్పున, జూన్‌లో అర శాతం తగ్గించి 5.50కి తెచ్చింది. మేం అప్లై చేసింది ఆ తర్వాతే కాబట్టి రేటు కలిసొచ్చింది. నాకు క్రెడిట్ హిస్టరీ లేనందుకు కాస్త అదనంగా వేశారు, లేకపోతే ఇంకొంచెం తక్కువకే దొరికేది. నేను క్రెడిట్ కార్డు వాడను, ఎడ్యుకేషన్ లోన్ తీసుకోలేదు. అప్పుల చరిత్ర రికార్డు చేసే సిబిల్‌లో నా పేరు మీద ఏమీ లేదు. తొలిసారి లోన్ అడిగేవాళ్లను హిస్టరీ లేదన్న ఒక్క కారణంతో తిప్పి పంపొద్దని ఆర్‌బీఐ 2025 జనవరి మాస్టర్ డైరెక్షన్‌లో చెప్పింది. మీకెవరైనా ఆ కారణం చెబితే ఈ సంగతి గుర్తు చేయండి. అమ్మ స్కోరు మాత్రం బాగుంది. నా పీజీ ఫీజులకు ఆమె బంగారం కుదువపెట్టి తెచ్చి, ప్రతిసారీ గడువులోపు విడిపించిన గోల్డ్ లోన్లే ఆ స్కోరు. ఆ గాజులు మా ఇంటికి ఇలా పనికొస్తాయని అమ్మకూ తెలియదు.

మిగతా డబ్బు సర్దడం అసలు పని. ఫ్లాటు 28 లక్షలు, దాని మీద తెలంగాణలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిపి ఏడున్నర శాతం, అంటే 2 లక్షల 10 వేలు. దానికి బ్యాంకు రూపాయి కూడా ఇవ్వదు. మొత్తం 30 లక్షల 10 వేలలో లోన్ పోగా 16 లక్షల 60 వేలు మేం పెట్టుకోవాలి. అమ్మ డిపాజిట్ 12 లక్షలు, నేను ఇంటి నుంచే యూనివర్సిటీకి వెళ్తూ మూడేళ్లలో వెనకేసినవి నాలుగున్నర లక్షలకు పైగా. అక్కడికి సరిగ్గా సరిపోయింది. ఫీజులకు, బ్యాంకు దగ్గర దస్తావేజులు తనఖా పెట్టే ఎంఓడీటీకి, లీగల్, వాల్యుయేషన్ ఖర్చులకు పిన్ని దగ్గర చేబదులు తీసుకున్నాం. ప్రాసెసింగ్ ఫీజు పండుగ ఆఫర్‌లో మాఫీ అయింది. చేతిలో సగానికి పైగా డబ్బు లేకుండా ఈ పద్ధతి నడవదు. ఆ సంగతి దాచి ఈ లోన్‌ను మెచ్చుకోవడం నాకిష్టం లేదు.

ఇక సర్వీసుకు మూడే ఎందుకో చెబుతాను. బ్రాంచిలో మేడమ్ ఎంత మంచివారైనా, ఫైలు నడిచేది రిటైల్ లోన్ల ప్రాసెసింగ్ సెంటర్‌లో. అక్కడి నుంచి ఒక్కోసారి ఒక్కో కాగితం అడిగారు. ముందు ఐటీ రిటర్న్‌లు లేవన్నారు. పెన్షన్ ఈ బ్యాంకులోనే పడుతోందని మేడమ్ రాసి, ట్రెజరీ పెన్షన్ స్లిప్పులు జతచేశాక ఒప్పుకున్నారు. తర్వాత పీపీఓలో అమ్మ ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంది, ఇద్దరూ ఒక్కరే అని నోటరీ అఫిడవిట్ తెమ్మన్నారు. అది ఇచ్చాక, అమ్మ ఎప్పుడో తీర్చేసిన ఒక గోల్డ్ లోన్ సిబిల్‌లో ఇంకా ఓపెన్ అని చూపిస్తోందన్నారు. ఆ లోన్ ఇచ్చిన వేరే సంస్థకు వెళ్లి బాకీ లేదనే ఎన్‌ఓసీ తెచ్చి, రిపోర్టు సరిచేయించేసరికి ప్రాణం మీదికొచ్చింది. నా ఫెలోషిప్ ఆదాయాన్ని లెక్కలో వేయకపోయినా, నేను సహ రుణగ్రహీతను కాబట్టి బోనఫైడ్, అవార్డ్ లెటర్, ఆర్నెల్ల స్టేట్‌మెంట్ అడిగారు. ఇవన్నీ ఒకేసారి చెప్పి ఉంటే ఒక్క వారంలో తెచ్చేవాళ్లం. బయానా గడువు దగ్గర పడుతుంటే ఫ్లాటాయన రోజూ ఫోన్. అమ్మకు బీపీ పెరిగింది. ఆ టెన్షన్‌కు బాధ్యత ప్రాసెసింగ్ సెంటర్‌దే. ఒక పూర్తి జాబితా ముందే చేతికి ఇవ్వడం ఏ బ్యాంకుకూ కష్టమైన పని కాదు.

ఫ్లాటు కాగితాల దగ్గర మాత్రం వాళ్ల పట్టుదల మాకు మేలే చేసింది. బ్యాంకు ప్యానెల్ లాయర్ ఈసీ (ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తనఖాలు చూపే పత్రం), లింకు డాక్యుమెంట్లు, మున్సిపల్ పర్మిషన్ ప్లాన్ అన్నీ తిరగేసి, మధ్యలో ఒక అమ్మకంలో వారసుడొకరి సంతకం లేదని పట్టుకున్నాడు. అమ్మేవాళ్లు ఆయన్ని కరీంనగర్ నుంచి పిలిపించి, ఆ లోటు సరిచేసే డీడ్ రిజిస్టర్ చేయించాకే మా ఫైలు కదిలింది. అంతా సొంత డబ్బుతో కొని ఉంటే ఆ సంతకం సంగతి మాకు ఎప్పటికి తెలిసేదో! లీగల్ ఫీజు కింద కట్టిన డబ్బులో ప్రతి రూపాయీ న్యాయమే.

ఇన్సూరెన్స్ దగ్గర ఇబ్బంది పడ్డాం. మంజూరు లెటర్ ఇచ్చేరోజు, లోన్‌కు కవర్‌గా అమ్మ పేరు మీద ఒకేసారి కట్టే పాలసీ తీసుకోమని, "అందరూ తీసుకుంటారు మేడమ్" అని వేరే డెస్కు నుంచి ఒకతను వెంటపడ్డాడు. 54 ఏళ్ల మనిషికి ప్రీమియం లక్షకు దగ్గరగా ఉంది, దాన్నీ లోన్‌లో కలుపుతారట. ఇది లేకపోతే లోన్ ఆగుతుందా అని కాగితం మీద రాసివ్వమన్నాను. రాయలేదు, ఎందుకంటే లోన్ ఇచ్చే షరతుగా ఇన్సూరెన్స్ అంటగట్టకూడదు. అలాగని కవర్ అనవసరమని నేను అనను. అమ్మకు ఏదైనా అయితే పెన్షన్ ఆగుతుంది, ఈఎంఐ నా మీద పడుతుంది. మేం ఇంటికి మంటలు, వరదల బీమా తీసుకుని, అమ్మ కవర్ సంగతి నాకు ఉద్యోగం వచ్చాక చూద్దామనుకున్నాం. మీ ఇంటి పరిస్థితిని బట్టి మీరు వేరేలా నిర్ణయించుకోవచ్చు, కానీ కౌంటర్ దగ్గర నిలబడి హడావిడిలో మాత్రం నిర్ణయించుకోకండి. 2024 అక్టోబరు నుంచి ప్రతి రిటైల్ లోన్‌కూ కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి. అన్ని ఫీజులూ కలిపిన అసలు వడ్డీ రేటు అందులో ఉంటుంది. మాకు అడక్కుండానే ఇచ్చారు, అది ఇంటికి తెచ్చి చదివాకే సంతకాలు పెట్టాం.

ఇప్పుడు మేడమ్ చెప్పిన అసలు తగ్గించుకునే సంగతి. ఫ్లోటింగ్ రేటు లోన్‌కు వ్యక్తుల దగ్గర ముందస్తు చెల్లింపు చార్జీ తీసుకోకూడదు. ఈఎంఐకి తోడు నా ఫెలోషిప్ నుంచి నెలకు 15 వేలు రెండేళ్లు అసలులోకి కడితే, 8 శాతం అలాగే ఉందనుకుంటే, పదిహేనేళ్ల లోన్ తొమ్మిదిన్నర ఏళ్లలోపే తీరిపోతుంది. వడ్డీలో మిగిలేది 5 లక్షల దాకా. బ్యాంకు లెక్కలోకి రాని నా ఫెలోషిప్ ఇక్కడ ఇంత పని చేస్తుంది. అదనంగా కట్టిన ప్రతిసారీ ఈఎంఐ తగ్గించమని కాకుండా గడువు తగ్గించమని బ్రాంచిలో రాసివ్వాలి. ఆ ఫారం వాళ్లంతట వాళ్లు ఇవ్వరు, అడగాలి.

కానీ ఒక మెలిక ఉంది. ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ 2.0లో వడ్డీ రాయితీ భాగం మాకు సరిగ్గా సరిపోతుంది: కుటుంబ ఆదాయం ఏడాదికి 9 లక్షల లోపు, ఇంటి విలువ 35 లక్షల లోపు, లోన్ 25 లక్షల లోపు, దేశంలో ఎక్కడా సొంత పక్కా ఇల్లు ఉండకూడదు. మొదటి 8 లక్షల మీద 4 శాతం రాయితీ, గరిష్ఠంగా లక్షా 80 వేలు, అయిదు వార్షిక వాయిదాల్లో లోన్ ఖాతాకే జమ చేస్తారు. మెలిక ఏమిటంటే, ప్రతి వాయిదా వచ్చేనాటికి లోన్ నడుస్తూ ఉండాలి, అసలులో సగానికి పైగా ఇంకా బాకీ ఉండాలి. ఉత్సాహం కొద్దీ ఆ రెండేళ్లూ నెలకు 15 వేలు అదనంగా కడితే నాలుగేళ్లకే మా బాకీ సగం కిందికి దిగుతుంది, చివరి వాయిదాలు పోతాయి. పది వేలే కడితే సగానికి దిగడానికి అయిదున్నరేళ్లు పడుతుంది. అందుకని పది లోన్‌కు, అయిదు అదే బ్యాంకులో రికరింగ్ డిపాజిట్‌కు పెట్టాం. ఈ లెక్క బ్రాంచిలో ఎవరూ చెప్పలేదు, స్కీం నిబంధనలు చదివి నేనే వేసుకున్నాను. అప్లికేషన్ మాత్రం మేడమ్ తన సీట్లోనే కూర్చోబెట్టి ఆన్‌లైన్‌లో పెట్టించారు. రాయితీ ఇంకా పడలేదు. పడ్డాక ఈ రివ్యూలో మార్కులు మారుస్తాను.

దసరా తర్వాత రిజిస్ట్రేషన్ అయింది. ఇప్పటిదాకా ఈఎంఐలు ఒక్కటీ తప్పలేదు, పెన్షన్ పడిన ఖాతా నుంచే ఆటోమేటిక్‌గా వెళ్తాయి. నా పేరు మీదా ఇప్పుడు క్రెడిట్ హిస్టరీ మొదలైంది. దీనికి రెండో వైపూ ఉంది. రేపు నాకు ఉద్యోగం వచ్చి నేనేదైనా లోన్ అడిగితే, ఈ 12,901 మొత్తం నా నెత్తిన ఉన్నట్టే లెక్కిస్తారు, అమ్మే కడుతున్నా సరే. పెళ్లయ్యాక వేరే ఇల్లు కొనాలనుకునే అమ్మాయిలు, అబ్బాయిలు సహ రుణగ్రహీతగా సంతకం పెట్టేముందు ఇది ఇంట్లో మాట్లాడుకోవాలి. ఎడ్యుకేషన్ లోన్ ఉన్నవాళ్లకు ఇంకో మాట: చదువైపోయి ఏడాది దాకా కట్టక్కర్లేదని నిశ్చింతగా ఉండొద్దు. ఇంటి లోన్ లెక్కలో ఆ రాబోయే ఈఎంఐ కూడా తీసివేస్తారు.

ఈ లోన్ ఎవరికి పనికొస్తుంది అంటే, ఇంట్లో ఆగని ఆదాయం ఒకటి ఉన్నవాళ్లకు: పెన్షన్, అన్న జీతం, రిటర్న్‌లు వేస్తున్న నాన్న దుకాణం, ఏదో ఒకటి. ఆ డబ్బు పడే బ్యాంకుకే ముందు వెళ్లండి, కొత్త బ్యాంకులో మీ కథ మొదటి నుంచి చెప్పాల్సి వస్తుంది. ఫెలోషిప్ ఒక్కటే ఉండి, పక్కన నిలబడే మనిషి లేనివాళ్లకు ఈ బ్రాంచి లోన్ ఇవ్వదు. నా ల్యాబ్‌మేట్ అడిగి చూసింది, అదే మేడమ్ వద్దని చెప్పి, ఉద్యోగంలో చేరి ఆరు నెలల జీతం పడ్డాక రమ్మన్నారు. ఆమెకు నేను చెప్పిందీ అదే. ఈలోపు ఫెలోషిప్‌లో మిగిలింది ఆమె డిపాజిట్ చేసుకుంటోంది. అదే ఆమె ఇంటికి డౌన్ పేమెంట్ అవుతుంది. కోచింగ్ సెంటర్ లెటర్ ఏజెంటు నంబరు మాత్రం అడిగినా ఇవ్వలేదు.